పాత కెర్నెళ్లు చూసుకున్న మా సార్

మా సార్ పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు కాంటా గదిలో నిచ్చెన మీద నిలబడి కేబుల్ లాగుతున్నాను. ఫోన్ చేసింది కోదాడలో ఆయన అద్దెకున్న ఇంటి ఓనరమ్మ. "మీ నాన్నగారు తెల్లవారుజామున పోయారమ్మా. ఆయన ఫోన్లో మీ నంబరే ఎక్కువసార్లు ఉంది, అందుకని చేశాను" అంది. నేను కూతుర్ని కాదని చెప్పాను. మరేమవుతారని అడిగింది. ఏమవుతానో చెప్పడానికి మాట దొరకలేదు. శిష్యురాలినందామంటే ఆ చదువు ముగిసి చాలా ఏళ్లయింది. కలిసి పనిచేశామందామంటే మాకు ఆఫీసు లేదు, జీతం లేదు. చివరికి సార్ దగ్గర చదువుకున్నానని చెప్పి నిచ్చెన దిగాను.

సార్ భార్య పోయి చాలా కాలమైంది. పిల్లలు లేరు. సూర్యాపేట నుంచి తమ్ముడి కొడుకు వచ్చి కార్యం చేశాడు. మొత్తం కలిపి పదిమందిమి కూడా లేము. శ్మశానంలో ఒక పెద్దాయన, రిటైరయ్యాక ఈయన ఏం చేసేవాడని అడిగితే, కంప్యూటర్లో ఏదో రాసుకునేవాడని తమ్ముడి కొడుకు చెప్పాడు. అదేమిటో నాకు తెలుసు. చితి పక్కన నిలబడి చెప్పే సంగతి కాదది. అక్కడ చెప్పలేకపోయింది మీకు చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

మన ఇళ్లలో ఇంటర్నెట్ పంచే చిన్న డబ్బా ఉంటుంది కదా, దాని లోపల కూడా ఒక కంప్యూటరే ఉంటుంది. దాన్ని నడిపించే మూల ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. కెర్నెల్‌కు కొత్త కొత్త రూపాలు వస్తూనే ఉంటాయి. కొత్తది వచ్చినప్పుడల్లా లోపలి పద్ధతులు మారతాయి. నిన్నటిదాకా ఒక పేరుతో పిలిస్తే పలికింది, రేపు ఇంకో పేరుతో పిలిస్తేనే పలుకుతుంది. సార్ పనిచేసిన ప్రోగ్రాం, దూరంగా ఉన్న రెండు చోట్లను ఇంటర్నెట్ మీదుగా భద్రంగా కలుపుతుంది. ఎవరైనా డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు, ఎవరైనా చదివి సరిదిద్దవచ్చు. నాలుగైదు దేశాల వాళ్లు మెయిళ్లు రాసుకుంటూ దాన్ని నడుపుతారు. ఒకరి ముఖం ఒకరు చూసి ఉండరు. అందులో పాత కెర్నెళ్ల బాధ్యత మా సార్‌ది.

పాతవాటి కోసం కోడ్‌లో షరతులు రాయాలి. నీ కెర్నెల్ పాతదైతే ఈ వరుసలు తీసుకో, కొత్తదైతే ఆ వరుసలు తీసుకో అని. మనం రాసినదాన్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ తనకు వర్తించని వరుసలను చదవదు. వాటిలో ఎంత పెద్ద తప్పున్నా ఒక్క మాట కూడా అనదు. నా దగ్గర ఉన్నది కొత్త కెర్నెల్ అయితే, పాతవాళ్ల కోసం రాసిన వరుసలు చెదలు పట్టిపోయినా నాకు తెలియదన్నమాట. పాత డబ్బా ఉన్న మనిషి ఎక్కడో కంపైల్ చేసుకుని, పని ఆగిపోయి, తల పట్టుకున్నప్పుడే తెలుస్తుంది.

దీనికి సార్ కనిపెట్టిన ఉపాయం చూసి నేను చాలాసార్లు నవ్వాను. కోడ్ మొత్తం ప్రింటు తీయించి బల్ల మీద పరిచేవారు. పాత పోస్టుకార్డులను నిలువునా కత్తిరించి పెట్టుకున్న పట్టీలు ఒక డబ్బా నిండా ఉండేవి. ఏ కెర్నెల్ కోసం చదువుతున్నారో దానికి వర్తించని వరుసల మీద ఆ పట్టీలు కప్పి, కనిపించే వరుసలను మాత్రం పైనుంచి కిందికి చదివేవారు. ఒక్కో కెర్నెల్‌కు ఒక్కోసారి. మధ్యలో నేను ఫోన్ చేస్తే, "జర ఆగు బిడ్డా, ఇయాల నేను పాతోణ్ని. కొత్త ముచ్చట్లు చెప్పకు, నాకు సమజ్ కావు" అనేవారు. ఇదంతా యంత్రంతో చేయించవచ్చని ఎన్నిసార్లు చెప్పానో. యంత్రంతోనూ చేయించేవారు, కాకపోతే పట్టీలతో చదివాకే. తన వంతు అయ్యాక యంత్రం వంతు అన్నట్టుండేది ఆయన వరస.

సూర్యాపేటలో నేను డిప్లొమా చదివేటప్పుడు ఆయన ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూసేవారు. పాడైన పరికరాన్ని పక్కన పడేయనిచ్చేవారు కాదు. ఎక్కడిదాకా పనిచేస్తోందో రాసి దానికి చీటీ కట్టించేవారు. రిటైరయ్యాక అద్దె తక్కువని కోదాడకు మారారు. పాత కంప్యూటర్ డబ్బాలు తెచ్చి, బాగుచేసి, చుట్టుపక్కల చిన్న చిన్న చోట్ల లైన్లు కలపడం మొదలుపెట్టారు. హాలియాలో ఒక విత్తనాల దుకాణం, త్రిపురారంలో ఒక ట్యూషన్ సెంటర్, మా మిర్యాలగూడలో రెండు మిల్లులు, కోదాడ పక్కన అనంతగిరిలో ఒక రక్తపరీక్షల ల్యాబ్. ఆ డబ్బాల్లో లైను అందుకునే కార్డు తయారుచేసిన కంపెనీ, ఆ కార్డును కొత్త కెర్నెళ్లతో పలికించే డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం ఇవ్వలేదు. కాబట్టి ఆ డబ్బాలు పాత కెర్నెల్ దగ్గరే ఆగిపోయాయి. వాటి కోసమే ఆ షరతులు. ప్రతి షరతు పక్కన, అది ఏ ఊరి డబ్బా కోసమో ఆ ఊరి పేరు రాసేవారు సార్. ఒకసారి ఎవరో విదేశీ కుర్రాడు, ఈ త్రిపురారం అనే చిప్ ఏ కంపెనీదని మెయిల్ రాశాడు. సార్ ఆ మెయిల్ ప్రింటు తీసి గోడకు అంటించుకున్నారు.

మా ఊరి లైన్లు చూసుకుంటూ ఆ షరతులు రాయడంలో నేనూ ఒక చేయి వేసేదాన్ని. మిల్లులో ఒక డబ్బాతో నాకు బుద్ధి వచ్చింది. అది చూపించే కెర్నెల్ నంబరు పాతది. నేను ఆ నంబరు చూసి పాతవాటి వరుసలు తీసుకునేలా షరతు రాశాను. కంపైల్ కాలేదు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కుస్తీ పట్టాను. సేట్ వచ్చి రెండుసార్లు తొంగిచూసి పోయాడు. తర్వాత తెలిసిందేమిటంటే, దాన్ని అమ్మినవాళ్లు నంబరు మార్చకుండా కొత్త కెర్నెల్లోని కొన్ని భాగాలు తెచ్చి అందులో కుట్టేశారు. పైన పాత నంబరు, లోపల కొత్త సరుకు. సార్‌కు ఫోన్ చేస్తే నవ్వి, "నంబర్ సూసి నువ్వే అనుకుంటే ఎట్ల? నీ తాన ఇది ఉన్నదా లేదా అని దాన్నే అడుగు" అన్నారు. ఆ రోజు నుంచి నంబర్ చూసి కాకుండా, కావలసింది ఉందో లేదో అడిగి చూసి షరతు రాయడం నేర్చుకున్నాను. కోడ్‌లో నేర్చుకున్నాను, బయట నేర్చుకోలేదు. ఆ సంగతి చివర చెబుతాను.

సార్‌కు కంటి ఆపరేషన్ అయి, పదిహేను రోజులు చదవకూడదని డాక్టర్లు చెప్పినప్పుడు, ఆ షరతులన్నీ ఉన్న ఆయన ఫైలు నా చేతికి వచ్చింది. నాకు శుభ్రం చేసే పిచ్చి ఉంది. ఇంట్లో పాత సీసాలు పారేసినట్టు షరతులు పారేశాను. అనంతగిరి అని రాసి ఉన్నది అన్నిటికంటే పాతది. ఇంకా ఎవరు వాడతారులే అనుకున్నాను. తీసేశాక నా దగ్గర చక్కగా కంపైల్ అయింది. పంపాను, అవతలివాళ్లు మెచ్చుకుని కలిపేసుకున్నారు కూడా.

ఆ కొత్త రూపం దించుకోగానే అనంతగిరి ల్యాబ్‌లో లైను ఆగిపోయింది. రిపోర్టులు ఆ లైను మీదే కోదాడలో డాక్టర్‌కు వెళ్తాయి. ఆ ల్యాబ్ నడిపే ఆవిడను అందరూ ల్యాబ్ అక్క అంటారు. నాలుగు రోజుల పాటు కాగితాలు సంచిలో పెట్టుకుని బస్సులో తిరిగింది. కంటికి పచ్చ గుడ్డ కట్టుకుని ఉండగానే సార్ నన్ను వెంటబెట్టుకుని అనంతగిరి తీసుకెళ్లారు. అక్కడ నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, నాలుగు రోజులూ ఎలా గడిచాయో ఈ పిల్లకు చెప్పమని అక్కను అడిగారు. అక్క కోపంగా చెప్పి ఉంటే నాకు హాయిగా ఉండేది. మామూలుగా చెప్పింది. మూడో రోజు ఒక ముసలాయన షుగర్ కాగితం తీసుకుని అక్క కోదాడ వెళ్లేసరికి డాక్టర్ వెళ్లిపోయాడట. ఆ ముసలాయన మళ్లీ మర్నాడు పరగడుపున కూర్చున్నాడట. షరతు తిరిగి రాసి, లైను నడిచేదాకా నాకు తల ఎత్తాలనిపించలేదు. తిరుగు బస్సులో సార్ అన్నది ఇంతే: "నీ తాన కంపైల్ అయింది. గామె తాన కాలే. రెండూ నిజమే బిడ్డా."

అప్పటి నుంచి ఒక నియమం పెట్టారు. ఏ ఊరి డబ్బా తీసేశారో ఆ ఊరు వెళ్లి, కంటితో చూసి వచ్చాకే ఆ ఊరి షరతు తీసేయాలి. ఫోన్‌లో చెబితే కుదరదు. ఏటా కోతలయ్యాక ఆయన ఒక చుట్టు తిరిగేవారు. కోదాడ నుంచి మిర్యాలగూడ, అక్కడి నుంచి త్రిపురారం, హాలియా, అన్నిటికంటే చివర అనంతగిరి. చేతిలో గొడుగు, సంచిలో పెయింటు బ్రష్. ఆ బ్రష్‌తో డబ్బాల దుమ్ము దులిపేవారు. మా ఇంట్లో భోజనం చేసేవారు. హాలియా దుకాణం మూతబడిందని, త్రిపురారంలో కొత్త డబ్బా పెట్టుకున్నారని ఏటా ఒకటి తగ్గుతూ వచ్చింది. తగ్గిన ఏడాది ఆయన అన్నం కెలుకుతూ దిగులుగా కూర్చునేవారు. పని తగ్గితే సంతోషించాలి గానీ ఈ ముఖమేమిటని నాకు చిరాకు కలిగేది.

చివరికి అనంతగిరి ఒక్కటే మిగిలింది. అవతల ప్రోగ్రాం పెద్దగా ఉన్నాయన మర్యాదగానే రాశాడు, ఒక్క యంత్రం కోసం ఇన్ని వరుసలు ఎన్నాళ్లు మోద్దామని. సార్ ఒక్క వాక్యంలో జవాబిచ్చారు: ఒకరంటే సున్నా కాదు. ఆ వాక్యానికి వాళ్లు తలొగ్గారు. కొత్త రూపం వచ్చిన ప్రతిసారీ పాతదాని మీద పరీక్ష చేసి ఫలితం పంపుతానంటే ఉంచుతాం, పంపని నాడు తీసేస్తాం అన్నారు. సార్ ఒప్పుకున్నారు. మళ్లీ ప్రింట్లు, మళ్లీ పోస్టుకార్డు పట్టీలు.

నేనే వెళ్లి కొత్త డబ్బా పెట్టేసి వస్తాను, ఒక పూట పని, ఈ గోల వదిలిపోతుందని నేను పోరుపెట్టాను. "ఆమె అడిగిందా?" అన్నారు. అడగలేదన్నాను. "మరి నీకేం తొందర?" అన్నారు. అంతటితో నేనూ ఆ మాట ఎత్తలేదు. ముసలాయన పట్టుదల, ఎవరికి పట్టింది అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆయన మీద జాలి కూడా పడ్డాను.

పోయిన కోతల తర్వాత చుట్టు ముగించుకుని వచ్చినప్పుడు కోదాడ బస్టాండులో నన్ను బస్సెక్కిస్తూ, "నా తర్వాత ఆ ఫైల్ నువ్వు సూస్తవా?" అని అడిగారు. మీకేమైందిప్పుడు, చూద్దాం లెండి సార్ అన్నాను. సరేనని తలూపారు. బస్సు కదిలింది. ఆయన మళ్లీ అడగలేదు, నేను మళ్లీ చెప్పలేదు. చూస్తానని ఒక్క మాట అంటే నా సొమ్మేం పోయేది? అది తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

కార్యమయ్యాక ఆయన గదిలో కూర్చుని అవతలి వాళ్లకు మెయిల్ రాశాను. బల్ల మీద సగం చదివిన ప్రింటు ఉంది, దాని మీద పట్టీలు పరిచి ఉన్నాయి. పాతదానిగా చదువుతూ ఎక్కడ ఆగారో తెలుస్తూనే ఉంది. జవాబులు చాలానే వచ్చాయి. ఇన్నేళ్లూ ఆయనను తన ఈడు కుర్రాడనుకున్నానని ఒకడు రాశాడు. ఒకావిడ, తను మొదటిసారి పంపిన కోడ్‌లో తప్పులను ఆయన నొప్పించకుండా దిద్దారని రాసింది. అవి చదివి వినిపించడానికి నాకు ఎవరూ లేరు. ఇంట్లో వాళ్లకు కెర్నెల్ అంటే ఏమిటో తెలియదు, మిల్లు సేట్లకు లైను నడిస్తే చాలు. షరతు, కంపైల్ అన్న మాటలను ముచ్చటగా మాట్లాడుకునేందుకు ఈ మూడు పట్నాల మధ్య నాకున్నది ఒక్క మనిషి. ఆ మనిషి గదిలోనే కూర్చుని ఆ మాట అనుకోవలసి వచ్చింది.

రెండు వారాలకు ఆ ప్రోగ్రాం పెద్దాయన మెయిల్ వచ్చింది. తొందర లేదంటూనే అడిగాడు, పాత కెర్నెళ్ల బాధ్యత ఎవరైనా తీసుకుంటారా, లేకుంటే వచ్చే రూపంలో తీసేద్దామా అని. చూస్తానని సార్‌కు చెప్పలేనిదాన్ని, ఆయనకు ఏం రాయను? ముందు అనంతగిరి వెళ్లి ఆ డబ్బా ఎలా ఉందో కంటితో చూసి రావాలనుకున్నాను.

ల్యాబ్ అక్క నన్ను చూసి నవ్వింది. నా వెనక గుమ్మం వైపు చూసింది. "సారు రాలేదా?" అంది. చెప్పాను. చేతిలో ఉన్న సూది ట్రేలో పెట్టి, కుర్చీలో కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రక్తపరీక్షకు వచ్చిన ఒకావిడ చొక్కా చేయి మడిచిన కొడుకును పట్టుకుని ఊరికే నిలబడింది. కాసేపటికి అక్క లేచి వాళ్ల పని చూసి పంపించింది. తర్వాత బీరువా కింది అర తెరిచి ఒక అట్టపెట్టె బయటికి లాగింది. కొత్త డబ్బా. టేపు కూడా విప్పలేదు.

"రెండేండ్లాయె తెచ్చి" అంది.

మరి ఎందుకు పెట్టుకోలేదక్కా అని అడిగాను.

"ఇది పెడితే సారుకు ఇటు పనేముంటది చెల్లె? ఏడాదికొక్కపారి వస్తుండె. ఆ పాతదాని దుమ్ము దులిపి, చాయ్ తాగి, ఇంతసేపు కూసోని పోతుండె. పనిలేంది వచ్చే మనిషి గాదు. ఇగ ఎవలింట్ల కూసుంటడని నేనే ఊకున్న."

రెండేళ్లుగా కోదాడలో సార్ ఈవిడ డబ్బా ఆగకూడదని కళ్లు పొడుచుకుని పట్టీలతో చదివారు. రెండేళ్లుగా ఇక్కడ ఈవిడ సార్ రాక ఆగకూడదని కొత్త డబ్బాను బీరువాలో దాచింది. ఇద్దరినీ చూసి మూర్ఖత్వమనుకున్నది మధ్యలో ఉన్న నేను. ఇద్దరిలో ఒక్కరినైనా ఎందుకని అడిగిన పాపాన పోలేదు. ఈ అట్టపెట్టె సంగతి సార్‌కు తెలుసో లేదో నాకు తెలియదు. వెళ్లిన ప్రతి గదిలో బీరువా వెనక దుమ్ము కూడా దులిపే మనిషి ఆయన.

"ఇగ పెట్టు" అంది అక్క. "నాకు గూడ దాన్ని సూడబుద్ధి అయితలేదు."

పాత డబ్బా నడుస్తూనే ఉంది. వైర్లు ఒక్కొక్కటే పీకి కొత్తదానికి తగిలించాను. లైను సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఏదైనా పంపాలి కదా. అప్పుడు సార్ నన్ను కూర్చోబెట్టిన స్టూలు మీదే కూర్చుని అవతలి పెద్దాయనకు రాశాను. ఈ రోజు అనంతగిరి వచ్చి కంటితో చూశాను, మిగిలిన ఒక్క యంత్రాన్నీ నా చేతులతో ఆపాను, ఆయన రాసిన షరతులన్నీ తీసేయవచ్చు అని. ఇక్కడ ఇక ఎవరూ లేరు అని చివర రాశాను. కొత్త డబ్బా మీదుగా ఆ మెయిల్ రెప్పపాటులో వెళ్లిపోయింది.

పాతదాన్ని పారేయడానికి అక్కకు మనసు రాలేదు, నాకు పెట్టి పంపింది. కోదాడ బస్సులో సీటు దొరికింది. దాన్ని ఒళ్లో పెట్టుకున్నాను. ఎన్నేళ్లుగానో ఆగకుండా నడిచిన డబ్బా, ఇంకా వేడిగానే ఉంది, ఆ వేడి చీర లోపలికి తగులుతోంది. పక్కన కూర్చున్నావిడ ఏదో అడిగింది, నేను వినిపించుకోలేదు. రెండు చేతులూ దాని మీదే పెట్టుకుని కూర్చున్నాను. కోదాడ ఇంకా రాకముందే అది చల్లబడిపోయింది.